పెనుగొలనులో నా నాలుగో పాఠం

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆయన పెళ్లయిన కొత్తలో నాకు మాత్రమే వినపడేలా అనేవారు, ఇప్పుడు కొట్టుకు వచ్చిన బేరగాళ్ల ముందు కూడా అంటున్నారు. తిరువూరు మెయిన్ రోడ్డులో మాకు బియ్యం కొట్టు ఉంది. ఆయన కొట్టు చూసుకుంటారు, నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. నా కోపం వల్ల ఆయనకు జరిగిన నష్టం పెద్దగా ఏమీ లేదు. కానీ ఒకసారి దానివల్ల ఏడుగురి పరీక్ష ఆగిపోయినంత పని అయింది. ఆ ఏడుగురిలో ఒకావిడకు ఆ పరీక్ష పోతే మళ్లీ రాసినా ప్రయోజనం లేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు నా ఆన్‌లైన్ కోర్సు సంగతి చెప్పాలి.

విశ్వవిద్యాలయం వాళ్లు దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్ల కోసం పండ్ల మొక్కల పెంపకం మీద ఒక చిన్న కోర్సు పెట్టారు. పన్నెండు పాఠాలు, అన్నీ వీడియోలే. చుట్టూ మామిడి తోటలున్న ఊరు కదా అని దాన్ని తయారుచేసే పని మా కాలేజీకి వచ్చింది. మా కాలేజీలో ఇంకెవరూ చెయ్యి ఎత్తలేదు కాబట్టి నాకు వచ్చింది. ఇందులో పెద్ద సంగతేముంది అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా క్లాసులో చెబుతున్నదే ఫోను ముందు చెప్పాలి, అంతే కదా.

ఇంట్లో రికార్డు చేద్దామని కూర్చుంటే రోడ్డు మీద లారీ హారన్లు. మేడ మీదికి వెళ్తే పక్కింటి మిక్సీ. చివరికి మా ఆయనే దారి చూపించారు. కొట్టు వెనక గోడౌన్లో బియ్యం బస్తాల మధ్య నిలబడితే బయటి చప్పుడు లోపలికి రాదు. అక్కడ ఒక తెల్ల దుప్పటి కట్టి, ఫోనును బస్తా మీద నిలబెట్టి కోర్సు మొత్తం చెప్పేశాను. బియ్యం దుమ్ముకు ప్రతి పాఠంలోనూ రెండు మూడు తుమ్ములు వచ్చేవి. వాటిని ఎలా తీసెయ్యాలో నాకు అప్పటికి తెలియదు. హమాలీలు నా కోసం బస్తాలు దించడం ఆపి గుమ్మం దగ్గర నిలబడి వినేవారు. వాళ్లలో ఒక పెద్దాయన మొదటి పాఠం అయ్యాక, "బాగా చెప్పారమ్మా, ఏం చెప్పారో గానీ" అన్నాడు. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఒక్కో పాఠం యాభై నిమిషాలు. ఎవరు ఎంతసేపు చూశారో విశ్వవిద్యాలయం వాళ్ల పోర్టల్లో ఒక గీత గీసి చూపిస్తారు. నా మొదటి పాఠం గీత పైన దర్జాగా మొదలై, నేను కోర్సు ఉద్దేశాలు చదవడం పూర్తి చేసేలోపే కిందికి జారిపోయింది. విద్యార్థుల మీద రావాల్సిన కోపం ఆ గీత మీద వచ్చింది. "నా క్లాసులోంచి ఒక్కరైనా లేచి వెళ్లడం ఎప్పుడైనా విన్నారా?" అని ఇంట్లో కేకలేశాను. "గుమ్మానికి అడ్డంగా నువ్వే నిలబడతావు కదా, ఎట్లా వెళ్తారు?" అన్నారు మా ఆయన, లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

తర్వాత విశ్వవిద్యాలయం వాళ్లు కోర్సులు చేసేవాళ్లందరికీ రెండు రోజులు శిక్షణ పెట్టారు. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా చెప్పాలన్నారు, ప్రతి ముక్క తర్వాత ఒక ప్రశ్న అడగాలన్నారు. నేను బుద్ధిగా నోట్సు రాసుకుని, యాభై నిమిషాల పాఠాన్ని పదేసి నిమిషాల చొప్పున ఐదు ముక్కలు కోశాను. విషయం చూసి కాదు, గడియారం చూసి కోశాను. ఒక ముక్క "ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటంటే" అన్న చోట ఆగిపోయేది. ఆ తర్వాతి ముక్క తుమ్ముతో మొదలయ్యేది. దీనికి కోర్సును మెరుగుపరచడం అని పేరు పెట్టి పైకి రిపోర్టు కూడా పంపాను.

అలాంటి రోజుల్లో నాలుగో పాఠం అసైన్‌మెంటు వచ్చింది. మామిడి అంటు కట్టే పద్ధతిని సొంత మాటల్లో రాయమని ప్రశ్న. విద్యార్థులు జవాబులు పోర్టల్లో పెట్టగానే అది ఒకదానితో ఒకటి పోల్చి, కలిసిన వాక్యాలకు ఎర్ర రంగు పూస్తుంది. ఆ రోజు స్టాఫు రూములో కూర్చుని తెరిచేసరికి ఏడు జవాబులు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఎర్రగా ఉన్నాయి. ఒకే వాక్యాలు, ఒకే వరుస, కామాలు కూడా ఒకే చోట. ఏడుగురిదీ ఒకే ఊరు, గంపలగూడెం మండలంలో పెనుగొలను.

ఒంటికాలి మీద లేచాను. కనీసం ఒక మాట మార్చాలన్న కష్టం కూడా పడలేదు చూడండి అని, టీ తాగుతున్న వాళ్లందరి దగ్గరికీ ఫోను పట్టుకుని తిరిగాను. ఆ ఏడుగురి వివరాలు తీశాను. ఆరుగురు ఇరవై, ఇరవై ఒక్కేళ్ల వయసు అమ్మాయిలు. ఏడో ఆవిడకు నలభై దాటాయి, అంగన్‌వాడీలో పని చేస్తోంది. నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. చదవడానికి తీరిక లేని ఈవిడ ఆ పిల్లల దగ్గర తీసుకుని దించేసింది, పిల్లలు ఒకళ్లది చూసి ఒకళ్లు దించేశారు. నా టీ చల్లారేలోపే విశ్వవిద్యాలయంలో ఈ కోర్సులు చూసే ప్రొఫెసరు గారికి మెయిల్ పంపేశాను. కాపీ అని రాసి, దాని కింద గీత కూడా గీశాను.

మరుసటి రోజే జవాబు వచ్చింది. విచారణ తేలేదాకా ఏడుగురి హాల్ టికెట్లు ఆపుతున్నాం, కాపీ అని తేలితే ఈ సెమిస్టర్ రద్దు అని. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. పైనుంచి ఒక జవాబు ఇంత వేగంగా రావడం నా సర్వీసులో అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నమే నాకు ఫోను వచ్చింది.

"నమస్తే మేడం. పెనుగొలను నుంచి అంగన్‌వాడీ టీచర్నండి. మా హాల్ టికెట్లు ఆపేశారంటండీ. మేం ఏం తప్పు చేశామండి?"

గొంతులో భయం ఉంది గానీ తప్పు చేసిన బెరుకు లేదు. అది నాకు ఇంకా మంట పుట్టించింది. "ఏడుగురూ ఒకే జవాబు రాస్తే ఏమంటారమ్మా? కామాలు కూడా ఒకే చోట పెట్టారు!"

"పెట్టాలి కదండీ" అంది ఆవిడ, నేనేదో వింత మాట అడిగినట్టు. "ఒకళ్లు ఒకలాగా, ఇంకొకళ్లు ఇంకోలాగా రాస్తే తప్పు కదా మేడం."

నేను మళ్లీ కేకలేసేలోపు ఆవిడే నెమ్మదిగా చెప్పింది. అంగన్‌వాడీలో సూపర్‌వైజర్ పోస్టుకు డిగ్రీ కావాలి. పెళ్లయిన ఇరవై ఏళ్లకు మళ్లీ పుస్తకం పట్టి, ఐదు సెమిస్టర్లు దాటి, చివరి సెమిస్టర్ దాకా వచ్చింది. ఆ పోస్టుకు దరఖాస్తు పెట్టుకునే వయసు ఆవిడకు ఈ ఏడాదితో అయిపోతుంది. "ఆ పిల్లలకైతే మళ్లీసారి ఉందండి. నాకు ఈసారే. మీరు ఒక్కసారి గురువారం సాయంత్రం మా ఊరొచ్చి చూడండి మేడం. చూశాక కూడా కాపీయేనంటే, అట్టాగే రాయండి."

వెళ్లాను. నిజం చెప్పాలంటే, రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామనే వెళ్లాను. షేర్ ఆటోలో, బజారు చేసుకుని ఇళ్లకు వెళ్తున్న ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్నావిడ నా మొహంలోకి అదే పనిగా చూసి, "మీరు ఫోన్లో మామిడి చెట్ల గురించి చెప్పే అమ్మగారు కదూ? మధ్యమధ్యలో తుమ్ముతారు?" అంది. ఆవిడ నా విద్యార్థి కాదు. కూలి పనికి వెళ్తుందట. నా పాఠం ఆవిడ ఎక్కడ చూసిందని అడిగేలోపే దిగాల్సిన చోటు వచ్చింది. ఇద్దరం ఒకే చోట దిగాం, ఒకే ఇంటికి నడిచాం.

ఊళ్లో అందరూ ఆ అంగన్‌వాడీ ఆవిడను టీచరు అనే పిలుస్తారు. నేనూ ఇక్కడ అలాగే అంటాను. టీచరు ఇంటి వరండాలో చాపలు పరిచి పదిహేను మంది దాకా ఆడవాళ్లు కూర్చున్నారు. గురువారం వాళ్ల స్త్రీల కూడిక. ప్రార్థన అప్పుడే అయిపోయినట్టుంది, బైబిళ్లు మూసి ఒళ్లో పెట్టుకుంటున్నారు. నాకు కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. నేను వచ్చానని ఏమీ మార్చవద్దని, ఎప్పుడూ ఎలా చదువుతారో అలాగే చదవమని చెప్పాను.

టీచరు ఫోనును ఒక స్టీలు బిందెకు ఆనించి నిలబెట్టింది. ఆరుగురు అమ్మాయిలు ముందు వరసలో నోటు పుస్తకాలతో, మిగతావాళ్లు వాళ్ల వెనక. తెర మీద నేను ప్రత్యక్షమయ్యాను, వెనక తెల్ల దుప్పటి, దాని పైనుంచి తొంగిచూస్తున్న బియ్యం బస్తా. నేను ఒక వాక్యం చెప్పగానే టీచరు ఆపేసింది. ఆ వాక్యంలో ఏముందో ఒక అమ్మాయిని చెప్పమంది. ఆ అమ్మాయి చెప్పింది. పక్క అమ్మాయి అది కాదంది. వెనక ఉన్నావిడ ఒకరు, మా పెరట్లో చెట్టుకు ఇలా జరిగిందని చెప్పింది. ఐదారు నోళ్లలో పడి ఆ వాక్యం నలిగి నలిగి, చివరికి అందరికీ ఒప్పుదలైన ఒక చిన్న మాటగా తేలింది. అప్పుడు ఆ మాటను అందరూ కలిసి మూడుసార్లు పైకి అన్నారు. ఒక అమ్మాయి ఒక మాట వదిలేస్తే మిగతావాళ్లు సరిదిద్ది మళ్లీ అనిపించారు. అప్పుడుగానీ టీచరు ఫోను మళ్లీ కదిలించలేదు. పది నిమిషాల ముక్కకు గంట పైగా పట్టింది.

మధ్యలో చాప చివర కూర్చున్న ఒక ముసలావిడ, నా రాక సంగతి తెలియకనో, తెలిసేనో, "ఈ అమ్మ మంచిదే గానీ, ఊపిరి తీసుకోకుండా చెప్పుద్దే! ఎనక ఎవురో తరుముతున్నట్టు" అంది. అందరూ గొల్లుమన్నారు, ఆ వెంటనే నా వైపు చూసి నోళ్లు మూసుకున్నారు. నాకు ముందు చెవులు వేడెక్కాయి. తెర మీద చూస్తే నిజంగానే నన్నెవరో తరుముతున్నట్టే ఉంది. నేనూ నవ్వాను. దాంతో వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు.

"చిన్నప్పట్నుంచీ బైబిలు వాక్యం కంఠతా పెట్టటం మాకలవాటండి" అంది టీచరు, నన్ను ఆటో దాకా దిగబెట్టడానికి వస్తూ. "సండే స్కూల్లో అక్షరం పోయినా మళ్లీ మొదట్నుంచి చెప్పించేవాళ్లు. వాక్యంలో మాట మార్చకూడదు కదండీ. పాఠం కూడా అట్టాగే కదా అనుకున్నాం. అందరం నేర్చుకుంది ఒకటే కదా, అందుకని ఒకటే రాశాం."

"సొంత మాటల్లో రాయమన్నాను కదమ్మా?"

"మరి అయి మా సొంత మాటలే కదండీ. ఇంత మందిమి కూర్చుని చేసుకున్నాం."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా నా పాఠాన్ని ఇంత శ్రద్ధగా విన్నవాళ్లను నేను చూడలేదు. ఆ విన్నవాళ్లనే దొంగలని రాసి, కింద గీత గీసి పంపాను. ఆ ఆరుగురు అమ్మాయిల్లో ఇద్దరికి మూడేళ్ల వయసులో అ ఆలు దిద్దించింది కూడా ఈవిడేనని ఆటో కదిలేముందు తెలిసింది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో నేను పూర్తిగా తలకిందులుగా ఊహించుకున్నాను. దారి పొడుగునా నా మీద నాకే కోపం. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మా ఆయన మీద చూపించాను. ఆయన అంతా విని, "అయితే ఇన్నాళ్లకు నీ పాఠం ఎవరో పూర్తిగా చూశారన్నమాట" అన్నారు.

ఆ తెల్లవారే ప్రొఫెసరు గారికి ఫోను చేసి నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన మర్యాదస్తుడే గానీ రూలు మనిషి. "మీరు కాపీ అని రాతపూర్వకంగా ఇచ్చారు మేడం. ఇప్పుడు కాదని మీరంటే సరిపోదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి నేను వీడియోలో అడుగుతాను. తెలుసని తేలితే హాల్ టికెట్టు ఇస్తాం. లేకపోతే నా చేతిలో లేదు." పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం టైము ఇచ్చారు.

ఆ పది రోజులు నేను ఊరికే కూర్చోలేదు. మొదటి మూడు పాఠాలు మళ్లీ తీశాను. ఈసారి గడియారం పక్కన పెట్టి, ఆ వరండాలో టీచరు ఎక్కడెక్కడ ఫోను ఆపిందో గుర్తు చేసుకుని అక్కడ ఆపాను. ఆపిన చోటల్లా తెర మీద "ఇప్పుడు పక్కవాళ్లకు చెప్పండి" అని పెద్ద అక్షరాలు పెట్టాను. పక్కన ఎవరూ లేనివాళ్లు తమ గొంతుతో రికార్డు చేసి పెట్టే ఏర్పాటు పోర్టల్లో అడిగి చేయించాను. ప్రశ్నలు కూడా మార్చాను. పద్ధతిని వివరించుము అని కాకుండా, మీ ఇంటి దగ్గరున్న ఏదో ఒక చెట్టును చూసి చెప్పండి అన్నాను. నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయినప్పుడల్లా ఫోను వెనక నిలబడి చెయ్యి ఎత్తే పని మా ఆయన తీసుకున్నారు. ఆ ఉద్యోగం ఆయనకు బాగా నచ్చింది. ఇప్పటికీ ఇంట్లో నేను గట్టిగా మాట్లాడుతుంటే చెయ్యి ఎత్తుతారు.

ప్రొఫెసరు గారు ఇచ్చిన రోజు వచ్చింది. మా కాలేజీ ల్యాబులో బల్ల మీద లాప్‌టాప్ పెట్టాం. నేను గదిలో ఉండవచ్చు గానీ నోరు మెదపకూడదని షరతు. నోరు మెదపకుండా గంట కూర్చోవడం నాకు ఎంత శిక్షో ఆయనకు తెలియదు. అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చారు. ముందు ఆ కంఠతా జవాబు అప్పజెప్పారు, తర్వాత ఆయన అడ్డంగా ఎన్ని ప్రశ్నలు వేసినా తడుముకోకుండా చెప్పారు. వయసు చిన్నది, చిన్నప్పట్నుంచీ చేతిలో ఫోను, తెర ముందు మాట్లాడటం వాళ్లకు లెక్కలేదు. ఆరుగురూ నెగ్గారు.

చివర టీచరు వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, కొంగు భుజం చుట్టూ తిప్పి కప్పుకుని కూర్చుంది. జవాబు అక్షరం పోకుండా అప్పజెప్పింది.

"బాగుందమ్మా. ఇప్పుడు అదే విషయం విడిగా, మామూలుగా మాట్లాడుతున్నట్టు చెప్పండి" అన్నారు ప్రొఫెసరు గారు.

టీచరు లాప్‌టాప్ వంక చూసింది. నోరు తెరిచింది, మూసింది. మళ్లీ జవాబు మొదటి వాక్యం ఎత్తుకుంది. ఆయన వద్దన్నారు. ఇక మాట రాలేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆవిడ నుదుటి మీద చెమట కారుతూనే ఉంది. ఆ వరండాలో అంతమందిని నడిపించిన మనిషి ఒంటరిగా ఒక తెర ముందు బిగుసుకుపోయింది. ఆరుగురు పిల్లలూ గట్టెక్కి, మళ్లీసారి లేని ఈ ఒక్కావిడే మునిగిపోతుందా అనిపించింది. దీనంతటికీ కారణం నేను. లేచి ఏదో ఒకటి అరవాలనిపించింది, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"ఫరవాలేదమ్మా, ఇంకో రెండు నిమిషాలు చూద్దాం" అన్నారాయన. ఆ తర్వాత ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మాకు తెలుసు.

టీచరు ఒక్కసారిగా నా వైపు తిరిగింది. "సార్, ఇందులోకి చూసి చెప్పటం నాకు రావట్లేదండి. ఎదురుగా నేర్చుకునే మనిషి ఉండాలి. మేడం గారికి చెప్పొచ్చాండీ?" ఆయన జవాబిచ్చే లోపే నాతో అంది, "మేడం, మీరు కాసేపు ఏం తెలియనట్టు కూర్చోండి."

ప్రొఫెసరు గారు నవ్వారు. "కూర్చోండి మేడం."

టీచరు బయటికి వెళ్లి కాలేజీ కాంపౌండులోని మామిడి చెట్టు నుంచి రెండు కొమ్మలు విరుచుకొచ్చింది. ఒకటి బొటనవేలంత లావు, ఒకటి పెన్సిలంత సన్నం. ల్యాబు సొరుగులోంచి బ్లేడు తీసి నా చేతికిచ్చింది. అక్కడి నుంచి ఆవిడ వేరే మనిషి. "లావుది కింద మొక్క అనుకోండి. దాని నెత్తిన నిలువునా చీల్చండి. అట్టా కాదు, వేలు తెగుద్ది. ఇదిగో, వేలు ఇటు పెట్టుకోండి. ఆఁ, బంగారు తల్లి." ఆ చివరి మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. ఆవిడ నాలుక కరుచుకుంది గానీ ఆగలేదు. సన్న పుల్ల కొసను రెండు వైపులా ఏటవాలుగా చెక్కించింది. దాన్ని చీలికలో దూర్చమంది. నేను నా పాఠంలో చెప్పినట్టే, చక్కగా, సరిగ్గా మధ్యలో నిలబెట్టాను.

చేతి మీద చిన్న దెబ్బ పడింది. "అక్కడ పెడితే చచ్చిపోద్ది మేడం!"

నేను నిజంగానే ఏమీ తెలియనట్టు చూశాను.

"కింద మొక్క లావు, పై పుల్ల సన్నం కదా. మధ్యలో పెడితే తోలుకి తోలు అందదు. తోలు కింద పచ్చగా పొర ఉంది చూడండి, దీని పచ్చా దాని పచ్చా తగిలితేనే అతుక్కుంటది. ఒక పక్కకి జరపండి. ఇంకొంచెం. ఆఁ. ఒక్క పక్కన తగిలినా చాలు, బతుకుద్ది. ఇప్పుడు కవరు ముక్కతో గట్టిగా చుట్టండి, నీళ్లు దిగకుండా."

ప్రొఫెసరు గారి మొహం తెర నిండా వచ్చింది, అంత దగ్గరికి వంగారు. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"పెళ్లికి ముందు విస్సన్నపేట దగ్గర నర్సరీలో మా అమ్మతో కూలికెళ్లేదాన్నండి. మూడేళ్లు మామిడి అంట్లే కట్టాను."

"మరి మీ జవాబులో పుల్లను సరిగ్గా మధ్యలో నిలపాలని ఉందే. ఏడుగురూ అదే రాశారు."

టీచరు నా వంక చూసి తటపటాయించింది. చెప్పండి అన్నట్టు తల ఊపాను. "పాఠంలో మేడం అట్టా చెప్పారండి. పాఠం మార్చకూడదు కదా అని రాశాం. తప్పని రాసేటప్పుడే తెలుసండి. పిల్లలు కూడా అడిగారు. పరీక్షకి ఇట్టా రాయండి, చెట్టుకి అట్టా కట్టండి అని చెప్పాను."

ప్రొఫెసరు గారు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాఠంలో నేను చూపించిన బొమ్మ నేను చదువుకునే రోజుల్లోని పాత పుస్తకంలోది. అందులో రెండు కొమ్మలూ ఒకే లావు, మధ్యలో పెట్టినా తోలుకి తోలు అందుతుంది. ఫోనులో బాగా కనపడాలని కింద మొక్కను నేనే లావుగా గీశాను, పుల్లను మాత్రం మధ్యలోనే వదిలేశాను. చుట్టూ ఇన్ని తోటలు పెట్టుకుని, ఇన్నేళ్లలో ఒక్క తోటలోకి వెళ్లి ఎవర్నీ అడగలేదు. సిగ్గేసింది. నోరు మెదపకూడదన్న షరతు మర్చిపోయాను.

"సార్, కాపీ అని మీకు రాశాను కదా. అది నిజమే. పాత పుస్తకం చూసి దించింది నేను. వీళ్లు కాదు."

ఆయన, "అదే ముక్క మెయిల్లో రాసి పంపండి మేడం, ఫైల్లో పెట్టుకుంటాను" అన్నారు. సాయంత్రానికి ఏడు హాల్ టికెట్లూ వచ్చేశాయి. టీచరు ఫోను చేసింది. వెనక పిల్లల అల్లరిలో ఏమందో నాకు సరిగా వినపడలేదు గానీ, ఏడుస్తూ నవ్వుతోందని తెలిసింది. నేనూ అంతే. ఒక్క సంగతి మాత్రం మిగిలిపోయింది. పరీక్ష పేపరు అప్పటికే తయారై అచ్చుకు వెళ్లిపోయింది. దిద్దేవాళ్లకు ఇచ్చే జవాబులు కూడా నా పాత పాఠంలోవే. మార్చమని రాశాను. చూద్దాం అన్నారు ప్రొఫెసరు గారు. ఆ తర్వాత కబురు లేదు.

పరీక్ష రోజు పొద్దున మా కాలేజీ గేటు దగ్గర ఏడుగురూ ఆటో దిగారు. టీచరు హాల్ టికెట్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి గుండెకు ఆనించి పట్టుకుంది. పిల్లలను లోపలికి పంపించి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మేడం, అంటు ప్రశ్న వస్తే ఏది రాయమంటారు? మీది రాయనా, మాది రాయనా?"

విద్యార్థులు ఏది అడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ పొద్దున లేదు. వాళ్లది రాయమంటే ఎక్కడో కూర్చుని దిద్దే ఎవరో తప్పు కొట్టేస్తారు. ఆవిడకు ఒక్కో మార్కూ ముఖ్యమే. నాది రాయమని నా నోటితో నేను ఎలా చెప్పను?

టీచరు నా మొహం చూసి నవ్వింది. నా చెయ్యి పట్టుకుని, అంగన్‌వాడీలో ఏడ్చే పిల్లల చేతిని తట్టినట్టు రెండుసార్లు తట్టింది. "ఈ ఒక్కసారికీ మీదే రాస్తాలెండి. మళ్లీ వచ్చే పిల్లలకి మాత్రం మాది చెప్పండి మేడం" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

వేసవి సెలవుల్లో నాలుగో పాఠం మళ్లీ తీశాం. చేతులు, గొంతు రెండూ ఆవిడవే. ఫోను పట్టుకుని నిలబడటం వరకే నా పని. పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. ఆవిడ నాది రాసి పాసయింది.